పైపు ఎక్కడ సరిపోతుంది, డేటాబేస్ ఎప్పుడు కావాలి

2020 అక్టోబరు మొదటి వారంలో ఇంగ్లండ్‌లో ఒక లెక్క తప్పింది. అప్పటికి కొద్ది రోజులుగా నమోదైన 15,841 కోవిడ్ కేసులు రోజువారీ జాబితాలో చేరలేదని అక్కడి ప్రజారోగ్య సంస్థ ప్రకటించింది. ల్యాబుల నుంచి ఫలితాలు సాదా టెక్స్టు ఫైళ్లుగా వచ్చేవి. వాటిని పాత ఎక్సెల్ ఫార్మాటులోకి ఎక్కించేవారు. ఆ ఫార్మాటులో ఒక షీటుకు 65,536 వరుసలకే చోటుంది. ఆపై వచ్చిన వరుసలు ఎవరి కంటా పడకుండా జారిపోయాయి. పరీక్ష చేయించుకున్నవారికి తమ ఫలితం అందింది కానీ, వారి దగ్గరికి వెళ్లివచ్చిన వాళ్లను వెతికి హెచ్చరించే పని రోజుల తరబడి ఆలస్యమైంది.

ఇప్పటి ఎక్సెల్ షీటులో 10,48,576 వరుసలు పడతాయి. అదీ ఒక హద్దే. హద్దు దాటిన డేటాను ఏం చేయాలని అడిగితే అనుభవజ్ఞులైన ప్రోగ్రామర్ల నుంచి రెండు జవాబులు వస్తాయి. ఒకరు ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ తెరిచి నాలుగు చిన్న కమాండ్లను వరసగా కలిపి నిమిషంలో లెక్క తేలుస్తారు. ఇంకొకరు ముందు డేటాబేస్‌లో పెట్టమంటారు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో ఈ కమాండ్లు నేర్పే యూనిక్స్, డేటాబేస్‌ల భాష అయిన ఎస్‌క్యూఎల్ వేర్వేరు కోర్సులుగా నడుస్తాయి కాబట్టి, రెండూ నేర్చుకున్నవారికి కూడా ఏది ఎక్కడ వాడాలో స్పష్టంగా తెలియదు. ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలకు పుట్టిన జవాబులు. ఆ ప్రశ్నలేమిటో విడదీసి చూస్తే చిక్కు చాలావరకు వీడుతుంది.

ముందుగా మాటల అర్థాలు

కమాండ్ లైన్ అంటే బొమ్మలు, మెనూలు లేకుండా ఆదేశాన్ని టైపు చేసి పని చేయించుకునే చోటు. అందులో దొరికే పరికరాలు చాలా చిన్నవి. గ్రెప్ ఒక మాట ఉన్న వరుసలను ఏరుతుంది. కట్ ప్రతి వరుసలో అడిగిన గడిని మాత్రమే తీసి ఇస్తుంది. సార్ట్ వరుసలను క్రమంలో పెడుతుంది. యూనిక్ పక్కపక్కనే ఉన్న ఒకేలాంటి వరుసలను ఒకటిగా చేస్తుంది. ఒకదాని ఫలితాన్ని నేరుగా రెండోదానికి అందించే ఏర్పాటు పేరు పైపు. కీబోర్డు మీద నిలువు గీత దాని గుర్తు.

డేటాబేస్ అంటే ఒక క్రమంలో దాచిన సమాచారం. దాన్ని కాపాడుతూ, అడిగినప్పుడు తీసి ఇచ్చే ప్రోగ్రాం డేటాబేస్ మేనేజ్‌మెంట్ సిస్టం. వాడుకలో రెంటినీ డేటాబేస్ అనే అంటారు. పట్టికల రూపంలో దాచే డేటాబేస్‌ను ప్రశ్న అడిగే భాష ఎస్‌క్యూఎల్.

ఇక్కడ కమాండ్లను, ఎస్‌క్యూఎల్ మాటలను చదువుకోవడానికి వీలుగా తెలుగు లిపిలో రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు వాటికి ఇంగ్లీషు అక్షరాలే వాడాలి. పట్టికల పేర్లు, గడుల పేర్లు మాత్రం తెలుగులోనే పెట్టుకోవచ్చు. ఎస్‌క్యూలైట్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేస్ ప్రోగ్రాంలు రెండూ వాటిని నిక్షేపంగా అంగీకరిస్తాయి. ఈ సంగతి ఇంతమంది తెలుగు ప్రోగ్రామర్లలో చాలామందికి తెలియకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంటుంది.

పైపులో డేటా ఎలా పారుతుంది

ఒక ప్రోగ్రాం ఫలితాన్ని మరో ప్రోగ్రాంకు తగిలించే వీలుండాలని బెల్ ల్యాబ్స్ పరిశోధన సంస్థలో డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్ 1964లోనే రాసి పెట్టారు. 1973లో కెన్ థాంప్సన్ యూనిక్స్‌లో దాన్ని అమలు చేశారు. ఈ ఆలోచన సత్తా ఏమిటో 1986లో అందరికీ తెలిసివచ్చింది. ఒక వ్యాసంలో ఎక్కువసార్లు వచ్చే మాటలేవో లెక్కించే ప్రోగ్రాం రాయమని జాన్ బెంట్లీ తన పత్రికా శీర్షిక కోసం కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్‌ను కోరారు. నూత్ పాస్కల్ భాషలో, ప్రత్యేకమైన డేటా నిర్మాణంతో, పేజీల కొద్దీ ఒక అందమైన ప్రోగ్రాం రాశారు. దాన్ని సమీక్షించిన మెక్‌ఇల్‌రాయ్ అదే పనిని ఆరు కమాండ్ల పైపుతో చేసి చూపించారు. నూత్ ప్రోగ్రాం గొప్పతనాన్ని ఆయన కాదనలేదు. మళ్లీ మళ్లీ అవసరమయ్యే పనులకు ముందే చేసిపెట్టిన పరికరాలుంటే ప్రతిసారీ మొదటినుంచి కట్టనక్కరలేదన్నది ఆయన వాదన.

ఇప్పుడొక ఉదాహరణ. ఒక గ్రంథాలయంలో ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్లారో రాసిన ఫైలు ఉందనుకుందాం. ప్రతి వరుసలో తేదీ, సభ్యత్వ సంఖ్య, పుస్తకం కోడు, వాటి మధ్య కామాలు:

2024-06-03,112,క-41
2024-06-03,87,చ-07
2024-06-04,205,క-41
2024-06-04,87,వ-19
2024-06-05,301,క-41

ఏ పుస్తకం ఎక్కువసార్లు బయటికి వెళ్లింది? పైపులో జవాబు ఇలా ఉంటుంది:

మూడో గడిని కట్ చేయి | సార్ట్ | లెక్కతో యూనిక్ | సంఖ్యల క్రమంలో, పెద్దది ముందు వచ్చేలా సార్ట్

క-41 మూడుసార్లు, మిగతావి ఒక్కోసారి అని వస్తుంది. వరుసలు ఐదున్నా ఐదు కోట్లున్నా ఇదే ఆదేశం. ఈ కమాండ్లన్నీ ఒకేసారి పరుగెడతాయి. ముందున్నది కొంచెం రాయగానే వెనకది చదవడం మొదలుపెడుతుంది. మధ్యలో లినక్సు ఉంచే తాత్కాలిక చోటు మామూలుగా 65,536 బైట్లు. (2ను 16 సార్లు గుణిస్తే వచ్చే సంఖ్య ఇది. పాత ఎక్సెల్ హద్దు కూడా ఇదే కావడానికి కారణం, వరుస సంఖ్యను 16 బిట్లలో దాచడం.) అందుకే గ్రెప్ లాంటి కమాండు ఎంత పెద్ద ఫైలునైనా చిన్న మెమరీతో దాటించేస్తుంది. సార్ట్ మాత్రం చివరి వరుస కూడా చదివితే గానీ మొదటి వరుస బయటికి ఇవ్వలేదు. ఎక్కడో అడుగున ఉన్న వరుసే క్రమంలో మొదటిది కావచ్చు కదా. మెమరీ చాలకపోతే ముక్కలు ముక్కలుగా క్రమబద్ధం చేసి, డిస్కు మీద తాత్కాలిక ఫైళ్లలో దాచి, చివర్లో కలుపుతుంది. ఇంత తెలివైన పని అది చడీచప్పుడు లేకుండా చేస్తుందని, దాన్ని ఏళ్ల తరబడి వాడినవాళ్లలోనూ కొందరు గమనించరు.

సార్ట్ వదిలేస్తే యూనిక్ ఏం చెబుతుంది

పై ఆదేశంలో మొదటి సార్ట్ తీసేసి చూద్దాం. యూనిక్ ముందుకు వరుసగా క-41, చ-07, క-41, వ-19, క-41 వస్తాయి. పక్కపక్కన ఉన్నవాటినే అది పోలుస్తుంది కాబట్టి ఏవీ కలవవు. ఐదు వరుసలూ ఒక్కోసారి వచ్చినట్టే లెక్క చూపిస్తుంది. తప్పు జరిగిందన్న సందేశం ఉండదు. పైపును ఇష్టపడేవారు మొదట గుర్తుపెట్టుకోవలసింది ఈ స్వభావాన్నే. ఒక్కో పరికరానికి తనముందున్న వరుస తప్ప మరేమీ తెలియదు. మొత్తం మీద మనకేం కావాలో దానికి పట్టదు.

ఇలాంటి ఉచ్చులు ఇంకొన్ని ఉన్నాయి. సార్ట్ మామూలుగా టెక్స్టుగానే పోలుస్తుంది, కనుక 10 ముందు, 9 తర్వాత వస్తాయి. సంఖ్యలుగా చూడమని విడిగా చెప్పాలి. తేదీని మనకు అలవాటైన పద్ధతిలో 03-06-2024 అని రాస్తే, వేర్వేరు నెలల మూడో తారీఖులన్నీ ఒక్కచోట చేరతాయి. సంవత్సరం, నెల, రోజు వరసలో రాసిన తేదీలు టెక్స్టుగా పోల్చినా సరైన క్రమంలోనే ఉంటాయి. పుస్తకం పేరులోనే ఒక కామా ఉంటే, దాని చుట్టూ కోట్ గుర్తులు పెట్టినా సరే, కట్ దాన్ని రెండు గడులుగా విడగొడుతుంది. కామాల ఫైలుకు ఉన్న కోట్ నియమాలు కట్‌కు తెలియవు.

రెండో ఫైలు వచ్చినప్పుడు

గ్రంథాలయానికి సభ్యుల ఫైలు కూడా ఉంది. 112 తెనాలి, 87 రేపల్లె, 205 తెనాలి, 301 బాపట్ల, 418 రేపల్లె. ఏ ఊరివాళ్లు ఎన్ని పుస్తకాలు తీసుకెళ్లారు?

దీనికి కమాండ్ లైన్‌లో రెండు ఫైళ్లను కలిపే జాయిన్ అనే పరికరం ఉంది. రెండు ఫైళ్లనూ సభ్యత్వ సంఖ్య ప్రకారం ముందే క్రమంలో పెట్టి ఇవ్వాలి. అదీ టెక్స్టు క్రమంలో, అంటే 112, 205, 301, 418, ఆ తర్వాత 87. సంఖ్యల క్రమంలో పెట్టి 87ను ముందుంచితే అది కాదంటుంది. చేయగలిగిన పనే, కానీ మనసు ప్రశ్న మీద నుంచి ఫైళ్ల అమరిక మీదకు మళ్లుతుంది. ఎస్‌క్యూఎల్‌లో అదే ప్రశ్న:

సెలెక్ట్ ఊరు, కౌంట్(*)
ఫ్రమ్ అరువులు జాయిన్ సభ్యులు
ఆన్ అరువులు.సభ్యుడు = సభ్యులు.సంఖ్య
గ్రూప్ బై ఊరు;

తెనాలి 2, రేపల్లె 2, బాపట్ల 1. ఏ పట్టిక ముందు చదవాలో, దేన్ని ఎలా క్రమంలో పెట్టాలో ఇందులో ఎక్కడా చెప్పలేదు. ఈ రెండు ప్రపంచాల మధ్య అసలు తేడా ఇక్కడే ఉంది. పైపులో మనం దారి చెబుతాం. ఎస్‌క్యూఎల్‌లో గమ్యం చెబుతాం.

ఈ తేడా దానంతటదే రాలేదు. 1960లలోని డేటాబేస్‌లలో ఒక రికార్డు నుంచి మరో రికార్డుకు ఏ లంకె పట్టుకుని వెళ్లాలో ప్రోగ్రామరే రాయాలి. దాచిన పద్ధతి మారితే ప్రోగ్రాం మార్చాల్సి వచ్చేది. 1970లో ఐబీఎం శాన్ హోజే పరిశోధనాలయంలోని ఎడ్గర్ కాడ్, డేటాను పట్టికలుగా చూడాలని, దాచే పద్ధతి వాడేవారి కంట పడకూడదని ఒక పరిశోధన పత్రంలో ప్రతిపాదించారు. 1974లో డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయ్స్ ఆ ఆలోచనకు తగిన భాష రూపొందించారు. మొదట దాని పేరు సీక్వెల్. ఆ పేరు మీద వేరొక కంపెనీకి ట్రేడ్‌మార్కు ఉండటంతో ఎస్‌క్యూఎల్‌గా మారింది. యంత్రం మనంత బాగా దారి వెతకగలదా అని అప్పట్లో చాలామంది అనుభవజ్ఞులు సందేహించారు. ఆ సందేహంలో న్యాయం ఉంది. దారి వెతికే ప్లానర్ అనే భాగం ఇప్పటికీ అప్పుడప్పుడు దారి తప్పుతూనే ఉంటుంది.

గమ్యం చెప్పే భాషకు సొంత ఉచ్చులు ఉన్నాయి. 418 సంఖ్య గల సభ్యుడు ఒక్క పుస్తకమూ తీసుకోలేదు, కనుక మామూలు జాయిన్‌లో ఆయన కనిపించరు. అందరినీ చూపమనడానికి లెఫ్ట్ జాయిన్ వాడాలి. అప్పుడు అరువు వివరాలు లేని చోట నల్ అనే ఖాళీ వస్తుంది. ఇక్కడ ప్రతి సభ్యుడికీ కౌంట్(*) అడిగితే 418కి 1 వస్తుంది, ఎందుకంటే ఖాళీతో నిండినా అదీ ఒక వరుసే. అరువు తేదీని లెక్కపెట్టమంటే 0 వస్తుంది, ఎందుకంటే నల్ విలువలను ఆ లెక్క వదిలేస్తుంది. మనకు కావలసింది రెండోది. నల్ సున్నా కాదు, ఖాళీ టెక్స్టూ కాదు. తెలియదు అనడానికి గుర్తు. కామాల ఫైలులో తెలియదు, ఏమీ లేదు అనే రెండు సంగతులూ ఒకేలా కనిపిస్తాయి. పట్టికలో వాటిని వేరుచేయవచ్చు, కాకపోతే ఆ తేడాను ప్రతి ప్రశ్నలోనూ మనం గుర్తుంచుకోవాలి.

పది లక్షల వరుసల్లో ఒకటి

301 సంఖ్య సభ్యుడు తీసుకున్నవన్నీ చూపమంటే గ్రెప్ ఫైలును మొదటినుంచి చివరిదాకా చదువుతుంది. గ్రెప్ చాలా వేగవంతమైనది కాబట్టి ఒకసారి అడిగే ప్రశ్నకు ఇబ్బంది లేదు. నిమిషానికి వందసార్లు అడిగితే వందసార్లూ మొత్తం చదవాలి.

డేటాబేస్‌లో సభ్యుడు అనే గడికి ఇండెక్స్ కట్టవచ్చు. పుస్తకం చివర ఉండే పదసూచిక చేసే పనే ఇది. క్రమంలో అమర్చిన విలువలు, వాటి పక్కన అవి ఎక్కడున్నాయన్న చిరునామా. క్రమంలో ఉన్న పది లక్షల విలువల్లో ప్రతిసారీ సగాన్ని వదిలేస్తూ వెళితే దాదాపు 20 పోలికల్లో కావలసినది దొరుకుతుంది. 1970ల మొదట్లో బోయింగ్‌లో పనిచేసిన రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్‌క్రైట్ కనిపెట్టిన బీ-ట్రీ దీన్ని ఇంకా మెరుగుపరిచింది. అందులో ఒక్కో పేజీలో (డిస్కు నుంచి ఒకేసారి చదివే ముక్కలో) వందల విలువలు ఇముడుతాయి. డిస్కు నుంచి మూడు నాలుగు పేజీలు చదివితే పని అయిపోతుంది.

ఎస్‌క్యూలైట్‌లో ప్రశ్నకు ముందు ఎక్స్‌ప్లెయిన్ క్వెరీ ప్లాన్ అని చేరిస్తే అది ఏ దారిన వెళ్లబోతుందో చెబుతుంది. స్కాన్ అని వస్తే మొత్తం చదువుతుందని అర్థం. సెర్చ్ అని, పక్కన ఇండెక్స్ పేరు వస్తే నేరుగా వెళుతుందని అర్థం. ఇండెక్స్ కట్టకముందు, కట్టిన తర్వాత ఆ ఒక్క మాట మారడం కళ్లారా చూసినవాళ్లకు డేటాబేస్ మీద ఇష్టం కలగకుండా ఉండదని నా నమ్మకం. ఇష్టం పెరిగి అన్ని గడులకూ ఇండెక్సులు కట్టేవాళ్లూ ఉన్నారు. ప్రతి కొత్త వరుస రాసినప్పుడల్లా ఆ ఇండెక్సులన్నింటినీ సవరించాలి. అంటే చదవడంలో మిగిల్చిన సమయాన్ని రాయడంలో చెల్లించుకుంటాం.

ఒక్క ప్రతి, ఇద్దరు సభ్యులు

ఇప్పటిదాకా చూసినవన్నీ డేటాను చదివే పనులు. రాయడం మొదలైన క్షణంలో లెక్క మారిపోతుంది.

క-41 ఒక్క ప్రతే మిగిలింది. రెండు కౌంటర్లలో ఇద్దరు ఉద్యోగులు ఒకేసారి చూశారు. ఇద్దరికీ 1 అని కనిపించింది. ఇద్దరూ పుస్తకం ఇచ్చినట్టు రాసి, ప్రతుల సంఖ్యను 0గా మార్చి ఫైలు భద్రపరిచారు. వెనక భద్రపరిచినవారి ఫైలు ముందువారి రాతను తుడిచేసింది. ఇద్దరూ పద్ధతి ప్రకారమే పనిచేశారు, అయినా ఒక అరువు లెక్కలోంచి మాయమైంది.

డేటాబేస్‌లో ఈ పనిని ఒక ట్రాన్సాక్షన్‌గా రాస్తారు. మొదటి అడుగు, కోడు క-41 అయి, ప్రతులు 0 కంటే ఎక్కువగా ఉన్న వరుసలో ప్రతుల సంఖ్యను ఒకటి తగ్గించడం. రెండో అడుగు, అరువుల పట్టికలో వరుస చేర్చడం. చివర కమిట్, అంటే మార్పులను ఖాయం చేయమనడం. మొదటి ఉద్యోగి ట్రాన్సాక్షన్ ముగిశాకే రెండోవారి తగ్గింపు జరుగుతుంది. అప్పటికి ప్రతులు 0 కాబట్టి ఏ వరుసా మారలేదని జవాబు వస్తుంది. ప్రోగ్రాం ఆ జవాబు చూసి రోల్‌బ్యాక్, అంటే మొత్తం రద్దు చేయమని, అంటుంది. రెండు అడుగులూ జరగాలి, లేదా రెండూ జరగకూడదు. మధ్యస్థితి ఎవరికీ కనిపించకూడదు. కమిట్ అయిందని చెప్పాక కరెంటు పోయినా ఆ మార్పు నిలవాలి. ఈ హామీలన్నింటినీ కలిపి ఆసిడ్ అనే పేరుతో 1983లో థియో హెర్డర్, ఆండ్రియాస్ రాయిటర్ వివరించారు. దాని వెనకున్న సిద్ధాంతంలో అధిక భాగాన్ని జిమ్ గ్రే నిర్మించారు. 1998లో ఆయనకు కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నత గౌరవమైన ట్యూరింగ్ అవార్డు వచ్చింది.

ఆ హామీని ఎలా నిలబెడతారో తెలిస్తే దాని విలువ ఇంకా అర్థమవుతుంది. ఎస్‌క్యూలైట్ మామూలుగా వాడే పద్ధతిలో, ఒక పేజీని మార్చే ముందు దాని పాత రూపాన్ని పక్కన జర్నల్ అనే ఫైలులో రాసి, అది డిస్కుకు చేరేలా చూస్తుంది. ఆ తర్వాతే అసలు ఫైలు మీద చెయ్యి వేస్తుంది. నడుమ కరెంటు పోతే, మళ్లీ తెరిచినప్పుడు ఆ జర్నల్ కనిపిస్తుంది. పాత పేజీలను యథాస్థానంలో పెట్టి, సగంలో ఆగిన పని అసలు మొదలే కానట్టు చేసేస్తుంది.

కమాండ్ లైన్‌లో ఇలాంటి రక్షణ ఏదీ లేదు. ఒక ఫైలును సార్ట్ చేసి, బాణం గుర్తుతో ఫలితాన్ని అదే ఫైలులోకి పంపితే ఫైలు ఖాళీ అవుతుంది. ఎందుకంటే సార్ట్ చదవడం మొదలుపెట్టక ముందే, రాయడానికి వీలుగా షెల్ (మనం టైపు చేసిన ఆదేశాలను నడిపించే ప్రోగ్రాం) ఆ ఫైలును తుడిచిపెడుతుంది. ఈ అవసరం కోసమే సార్ట్‌కు ఫలితం ఎక్కడ రాయాలో చెప్పే విడి ఆప్షన్ ఉంది.

నడుమ నిలిచిన ఎస్‌క్యూలైట్

2000లో రిచర్డ్ హిప్ అమెరికా నౌకాదళపు యుద్ధనౌక కోసం చేసే సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తున్నారు. డేటాబేస్ సర్వర్ నడవకపోతే దాని మీద ఆధారపడిన ప్రోగ్రామూ పనిచేసేది కాదు. సర్వరే లేకుండా, డిస్కు మీది ఫైలునే నేరుగా చదివే డేటాబేస్ ఉంటే బాగుంటుందన్న ఆలోచనలోంచి ఎస్‌క్యూలైట్ పుట్టింది. మొత్తం డేటాబేస్ ఒక్క ఫైలు. దాని సోర్సు కోడు మీద ఎవరికీ హక్కుల్లేవు, ఎవరైనా వాడుకోవచ్చు. ఈ రోజు ప్రతి ఆండ్రాయిడ్ ఫోనులో, ప్రతి ఐఫోనులో అది ఉంది. మీ చేతిలోని ఫోనులో వాట్సాప్ సందేశాలు కూడా ఎస్‌క్యూలైట్ ఫైలులోనే ఉంటాయి.

కమాండ్ లైన్ అభిమానులకు దీన్ని ఇంకో కారణంతో చూపించాలి. ఎస్‌క్యూలైట్‌తో వచ్చే షెల్ కూడా పైపులో ఇమిడే చిన్న పరికరమే. కామాల ఫైలును ఇంపోర్ట్ చేయమంటే మొదటి వరుసను గడుల పేర్లుగా తీసుకుని పట్టిక తయారుచేస్తుంది. కోట్ గుర్తుల్లోని కామాలను సరిగ్గా అర్థం చేసుకుంటుంది. డేటాబేస్‌ను మెమరీలోనే ఉంచమంటే డిస్కు మీద ఏ ఫైలూ మిగలదు. అంటే రెండు ఫైళ్లు ఎక్కించి, జాయిన్‌తో ప్రశ్న అడిగి, జవాబును మళ్లీ మరో కమాండుకు పైపు చేయడం ఒక్క ఆదేశంలో సాధ్యం. పైన చూసిన తెనాలి, రేపల్లె లెక్కకు నేనైతే ఈ దారే ఎంచుకుంటాను.

ఎవరి వాదన ఎంతవరకు

చిన్న పరికరాల పక్షాన గట్టి ఉదాహరణలున్నాయి. 2014లో ఒక ఇంజినీరు, పనిని అనేక యంత్రాలకు పంచే హడూప్ అనే వ్యవస్థలో, ఏడు యంత్రాల క్లస్టర్ మీద 26 నిమిషాలు పట్టిన 1.75 గిగాబైట్ల చదరంగం ఆటల విశ్లేషణను తన ల్యాప్‌టాప్‌లో పైపుతో 12 సెకన్లలో ముగించి చూపించారు. డేటా ఒక యంత్రంలో పట్టేంతే ఉన్నప్పుడు దాన్ని పంచిపెట్టడానికయ్యే ఖర్చే అసలు పనిని మించిపోతుందన్న ఆయన వాదన ఇప్పటికీ నిలుస్తుంది. పైగా యాభై ఏళ్లుగా ఈ కమాండ్లు పెద్దగా మారలేదు, ఏ సర్వర్‌లోకి వెళ్లినా దొరుకుతాయి, డేటాను ముందుగా ఎక్కించే పని లేదు.

ఎదుటి పక్షం చూపే లోపం కూడా అంతే నిజం. పైపు మధ్యలో ఒక కమాండు విఫలమైనా, చివరిది సవ్యంగా ముగిస్తే మొత్తం సవ్యంగా ముగిసినట్టే షెల్ చెబుతుంది. బాష్ అనే షెల్‌లో పైప్‌ఫెయిల్ అనే అమరిక పెట్టుకుంటేనే ఆ వైఫల్యం బయటపడుతుంది. ఇంగ్లండ్‌లో జరిగింది కూడా ఈ జాతి తప్పే. ఇమడని డేటా రాలిపోయింది, ఏ హెచ్చరికా రాలేదు. సంఖ్య ఉండాల్సిన గడిలో మాట వస్తే పట్టిక కాదనాలని, అదే దాని మొదటి బాధ్యత అని డేటాబేస్ పక్షం అంటుంది.

ఆ పక్షంలోనూ ఏకాభిప్రాయం లేదు. ఎస్‌క్యూలైట్ సంఖ్యల గడిలోకి మాటను కూడా రానిస్తుంది. ఈ సడలింపు ఒక సదుపాయమని దాని రూపకర్తలు అంటారు, లోపమని చాలామంది అంటారు. 2021లో వచ్చిన 3.37 వెర్షన్ నుంచి స్ట్రిక్ట్ అని చేర్చి పట్టిక కడితే అది కఠినంగానే ఉంటుంది. ఇంకొక పరిమితి, ఒక సమయంలో ఒక్కరే రాయగలగడం. రెండు కౌంటర్ల గ్రంథాలయానికి అది సమస్యే కాదు. వేలమంది ఒకేసారి రాసే చోట పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ లాంటి సర్వర్ కావాలి. అది ఒక్కో వరుసకు పాత, కొత్త రూపాలను కొంతకాలం కలిపి ఉంచుతుంది. దాంతో చదివేవారు రాసేవారికి, రాసేవారు చదివేవారికి అడ్డురారు. ఆ సౌకర్యానికి బదులుగా సర్వర్‌ను చూసుకోవడం, పాత రూపాలను ఊడ్చడం మన మెడకు పడతాయి.

ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధన సంస్థ నుంచి 2019లో వచ్చిన డక్‌డీబీ ఈ గీతలను మరింత చెరిపేసింది. కామాల ఫైలును ఎక్కించకుండానే, దాని మీద నేరుగా ఎస్‌క్యూఎల్ ప్రశ్న అడగవచ్చు. తన సొంత నిల్వలో అది డేటాను వరుసలుగా కాక గడులుగా దాస్తుంది కాబట్టి, ఇరవై గడుల పట్టికలో రెండింటి మొత్తం కావాలంటే ఆ రెండే చదువుతుంది. విశ్లేషణకు ఇది ఎంతో బాగుంటుంది. ఒక్కో వరుసను తరచూ మార్చే పనికి ఎస్‌క్యూలైటే మేలు.

తెలుగు డేటా తెచ్చే అదనపు చిక్కులు

మెక్‌ఇల్‌రాయ్ ఆరు కమాండ్ల పైపుకు తెలుగు వ్యాసం ఇస్తే ఒక్క తెలుగు మాటా మిగలదు. ఇంగ్లీషు అక్షరాలు కానివన్నీ విరామాలుగా చూడమని దాని మొదటి కమాండు చెబుతుంది. మన డేటాతో పనిచేసేవారికి ఇలాంటివి అడుగడుగునా ఎదురవుతాయి.

తెలుగు అనే మాటలో కంటికి కనిపించేవి మూడు అక్షరాలు. అన్ని భాషల అక్షరాలకూ సంఖ్యలిచ్చే యూనికోడ్ లెక్కలో అవి ఆరు సంకేతాలు, మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు. వాటిని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతం మూడు బైట్లు తీసుకుంటుంది, కనుక మొత్తం 18. ఎస్‌క్యూలైట్‌లో లెంగ్త్, అంటే పొడవు, అడిగితే 6 అంటుంది. బైట్లు లెక్కించే కమాండు 18 అంటుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో ఆరు సంకేతాలు పట్టే గడి కడితే ఈ మాట సరిగ్గా పడుతుంది, దానికి ఒక్క సున్న (ం) చేరినా పట్టదు. పేరు గడికి ఇంగ్లీషు కొలతలో ఇరవై అని పెట్టేవారు ఈ సంగతి చూసుకోవాలి.

క్రమం సంగతి ఇంకొకటి. వర్ణమాలలో ళ హ తర్వాత వస్తుంది. యూనికోడ్ సంఖ్యల్లో అది ల పక్కనే ఉంది. ఎస్‌క్యూలైట్ మామూలుగా బైట్లనే పోలుస్తుంది కాబట్టి మనం నేర్చుకున్న వరస రాదు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 2017లో వచ్చిన 10వ వెర్షన్ నుంచి ఐసీయూ అనే లైబ్రరీలోని భాషా నియమాలను వాడుకోనిస్తుంది.

అన్నింటికన్నా మొండిది కంటికి కనిపించని సంకేతం. హైదరాబాద్‌లో అని రాసేటప్పుడు ద్ కింద ల వత్తు పడకుండా విడిగా ఉంచడానికి నడుమ ఒక అదృశ్య సంకేతం చేరుస్తారు. ఎవరో ఆ మాటలోంచి ఊరి పేరును నకలు చేసి సభ్యుల పట్టికలో అతికిస్తే, ఆ సంకేతం కూడా వెంట వస్తుంది. అప్పుడు ఊరివారీగా లెక్కించే గ్రూప్ బై ఫలితంలో హైదరాబాద్ రెండు వరుసలుగా, అచ్చం ఒకేలా కనిపిస్తుంది. లెంగ్త్ అడిగితే ఒకదానికి 9, ఇంకొకదానికి 10. కారణం తెలియనివాళ్లు డేటాబేస్‌దే తప్పనుకుంటారు. యూనిక్ కూడా ఆ రెంటినీ వేరుగానే చూస్తుంది, ఆ సంకేతంతో కూడిన మాట ఇచ్చి గ్రెప్‌తో వెతికితే అది లేని వరుసలు దొరకవు.

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో 13వ వెర్షన్ నుంచి నార్మలైజ్ అనే ఫంక్షన్ ఉంది. ఒకే గుణింతాన్ని రెండు రకాలుగా రాసే వీలున్నచోట (ఐత్వాన్ని ఒక సంకేతంగానూ, రెండు ముక్కలుగానూ రాయవచ్చు) అది ఒకే రూపానికి తెస్తుంది. అదృశ్య సంకేతాన్ని మాత్రం ముట్టుకోదు. అలాగని ఎక్కడ కనిపించినా తీసేయడమూ కుదరదు. రాజ్‌కుమార్ అని రాసుకునే మనిషి పేరులోంచి దాన్ని తీసేస్తే, జ కింద క వత్తు పడి పేరు రూపమే మారిపోతుంది. అందుకని అలాంటి పట్టికల్లో పేరుకు రెండు గడులు ఉంచుతారు. ఒకటి మనిషి రాసుకున్నది రాసుకున్నట్టుగా, చూపించడానికి. రెండోది నార్మలైజ్ చేసి, అదృశ్య సంకేతాలు తీసేసి, వెతకడానికి. ఇండెక్స్ కట్టేది ఈ రెండో గడికి.